చూసేవాళ్లుంటేనే ఊపిరి

సిమెంటు కంపెనీ సమాజసేవ కింద ఉచితంగా ఇచ్చిన ఊపిరి మిషను మళ్లీ ఆగిపోవడంతో పిచ్చయ్యకు ఆయాసం మొదలైంది. అది నడవాలంటే దాని కెమెరా ద్వారా అతణ్ణి కనీసం పదిమంది తమ ఫోన్లలో చూస్తూ ఉండాలి. కంపెనీ మంచితనానికి సాక్షులు కావాలి మరి.

కోడలు నాగేంద్రం పక్కవీధి వదినకు ఫోన్ చేసింది.

“వదినా, కాస్త మా మామయ్యను చూడు. ఒకళ్లు తగ్గారు.”

“మా అత్త మిషనూ ఆగిందే! ముందు నువ్వు చూడు.”

ఎవరు ముందో తేలక ఇద్దరూ ఒకేసారి చూశారు. రెండిళ్లలోనూ మిషన్లు కదిలాయి.

ఊపిరి కుదుటపడ్డాక పిచ్చయ్య కిటికీలోంచి ఆ సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం వైపు అయోమయంగా చూశాడు.

“అమ్మాయ్, నాకు తెలవక అడుగుతున్నా. దాన్నెవరూ చూట్టంలేదు గదా, ఆ పొగ ఒక్కపూటన్నా ఆగదేంది?”