నాలుగో రకం

"బ్రహ్మాండం! ఏం వాసన!"

బుట్టలోంచి తీసిన నల్లటి ఉండను ముక్కుకి ఆనించి అన్నాడు హోటల్ వంటమాస్టరు.

ఉత్త అబద్ధం. వేసవికి ముందు వచ్చిన జ్వరం పోతూ పోతూ అతని ముక్కులోంచి వాసనంతా పట్టుకుపోయింది. మాడిన ఉల్లిపాయకీ, సబ్బుకీ తేడా తెలియడం లేదు.

ఈ సంగతి భార్యకి కూడా చెప్పలేదు. వాసన తెలియని వంటవాణ్ణి ఎవరు పనిలో పెట్టుకుంటారు?

బుట్ట తెచ్చిన ముసలాయన అతని మొహంలోకి ఓసారి చూశాడు. ఆ ఉండను మెల్లగా వెనక్కి తీసుకుని కోటు జేబులో వేసుకున్నాడు. ఇంకొకటి తీసి చాకుతో రెండు చెక్కలు చేశాడు.

"చూడండి బాబూ. ఇది వేసవి ట్రఫుల్. పైన నలుపు, లోపల బాదంపలుకు రంగు. వాసన తక్కువ, కాస్త ఎక్కువే వెయ్యాలి."

"నాకు తెలీదా?"

ట్రఫుల్ అంటే చెట్ల వేళ్ళ దగ్గర, మట్టి అడుగున పెరిగే పుట్టగొడుగు. కుక్క పసిగడితే ముసలాయన తవ్వి తెచ్చేవాడు. వంటింట్లో అందరూ ఆయన్ని మట్టితాత అనేవారు.

వారం వారం అదే తంతు. కొయ్యడం, చూపించడం, పాఠం చెప్పడం.

ఆకులు రాలే రోజుల్లో తెల్లవి తెచ్చాడు.

"ఇవి బంగాళాదుంపలా నున్నగా ఉంటాయి. పొయ్యి దగ్గరికి రానివ్వకండి, గుణం పోతుంది. వడ్డించాక పైన పల్చగా తురమాలి."

చలి మొదలయ్యాక నల్లవి.

"తోలు మీద గరుకు మొటిమలు. లోపల నలుపు, సన్నటి తెల్ల గీతలు. గోరువెచ్చటి వెన్నలో వేసినా బెదరదు."

మాస్టరుకి ఓపిక నశించింది. పొద్దుట్నుంచీ నిలబడి కాళ్ళు లాగుతున్నాయి. ప్రతి కూరా పక్కవాళ్ళ చేత రుచి చూపించి, వాళ్ళ మొహాలు చూసి సర్దుకునే బతుకైపోయింది.

"ఇంకో రకం ఉంది బాబూ, నాలుగోది. అసలు తెలుసుకోవాల్సింది అదే. నల్లదానికి అచ్చం కవల. కానీ..."

"నాకే దగ్గులు నేర్పుతున్నావా, తాతా?"

అందరూ నవ్వారు. మట్టితాత నిజంగానే దగ్గాడు.

"ఇక నువ్వు రానక్కర్లేదు. వ్యాన్‌లో తెచ్చేవాడు దొరికాడు. సరుకిచ్చి పోతాడు, పాఠాలు చెప్పడు."

ముసలాయన బుట్ట సర్దుకున్నాడు. గుమ్మం దగ్గర ఆగాడు.

"అతని సరుకు కోసి చూసుకోండి బాబూ."

మాస్టరు కోసి చూడలేదు. కొత్తవాడు పెట్టె తెరవగానే చుట్టూ ఉన్నవాళ్ళు ఆ వాసనకి "అబ్బ!" అన్నారు. ఆ మాట చాలనుకున్నాడు.

రెండు వారాల తర్వాత పెద్ద విందు జరిగింది. పళ్ళేలకి పళ్ళేలు వంటింట్లోకి తిరిగొచ్చాయి.

"రబ్బరు నమిలినట్టుందట. వాసనే లేదట!" యజమానురాలి మొహం ఎర్రబడింది. "మీ ముక్కుని నమ్ముకునే కదా మాస్టారూ, ఈ హోటల్ నడుపుతున్నాను? శనివారం ఇంకో విందుంది. మళ్ళీ ఇలా అయితే మీ దారి మీరు చూసుకోండి."

మాస్టరు పెట్టె ముందు కూర్చుని ఒక్కొక్కటీ కోశాడు. అన్నీ నల్లగానే ఉన్నాయి, అన్నిట్లో తెల్ల గీతలున్నాయి. ఏది మంచిదో, ఏది కాదో అంతు పట్టలేదు.

ఆ నాలుగో రకం సంగతి అప్పుడు గుర్తొచ్చింది. మట్టితాత అడ్రసు కనుక్కుని, ఊరి చివర ఇంటి తలుపు తట్టాడు.

ముసలావిడ తలుపు తీసింది. గుమ్మం పక్కన పాత బూట్ల మీద తల పెట్టుకుని కుక్క పడుకుంది.

"పెద్దాయన లేరా, అమ్మా?"

"పోయి నాలుగు రోజులైంది. హోటల్ బాబు మీరేనా?"

అతను తలూపాడు.

"మీరొస్తే చెప్పమన్నారు. నాలుగో రకంలో గీతలు మరీ దట్టంగా, చిక్కుపడ్డ దారంలా ఉంటాయట. వేలితో నొక్కితే రబ్బరులా సాగుతుందట. అసలైనవాటి పక్కన పెడితే వాటి వాసన అరువు తెచ్చుకుంటుందట. 'ఆ బాబు ముక్కుతో పని లేకుండా అన్నీ తెలుసుకోవాలి' అనేవారు."

ఇన్ని నెలల్లో మాస్టరు ఎవరితోనూ అనని మాట మొదటిసారి బయటికొచ్చింది.

"నాకు వాసన తెలీదని ఆయనకెలా తెలిసిందమ్మా?"

ఆవిడ మేకుకి వేలాడుతున్న కోటు జేబులోంచి ఒక నల్లటి ఉండ తీసి అతని అరచేతిలో పెట్టింది. నొక్కితే పొడిపొడిగా రాలింది. ఉత్త మట్టిగడ్డ.

"మొదటి రోజు మీరు బ్రహ్మాండం అన్నది దీన్నేనట."

సిగ్గుతో అతని తల వాలిపోయింది.

"మరి నలుగురిలో నన్నెందుకు బయటపెట్టలేదు?"

"ఎలా పెడతారు బాబూ? ఆయన ముక్కుకే వాసన తెలియక పదహారేళ్ళయింది, వాసన చూసేదంతా ఈ కుక్కే."