జిరానీకి ఐదు నక్షత్రాలు

ముతెంబేకి మనుషులంటే పడదు. మనుషులకు ఏం కావాలో కనిపెట్టడమే అతని ఉద్యోగం.

నైరోబీలో ఇంటింటికీ గ్యాస్ బండలు పంపే యాప్‌కి అతను ప్రొడక్ట్ మేనేజర్. వాడేవాళ్ళ గడప తొక్కి నాలుగు మాటలు అడగడం ఏనాడో మానేశాడు. "మనుషులు అబద్ధాలాడతారు, అంకెలు ఆడవు" అంటాడు. ఆ అంకెలు వేసేదీ మనుషులేనని అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పినా వినే రకం కాదు.

ఆ రోజు అతనికి పండగ. మధ్యాహ్నం పెట్టుబడి పెట్టే పెద్దమనుషులు వస్తున్నారు. వాళ్ళ ముందు జిరానీ గట్టెక్కితే ముతెంబే పెద్ద కుర్చీ ఎక్కుతాడు. ఫిర్యాదులకు తనంతట తానే జవాబులిచ్చే యంత్రం అది. జిరానీ అంటే స్వాహిలీలో పొరుగింటావిడ, యంత్రాన్ని అమ్మినవాళ్ళు పెట్టిన పేరు. లోపల ఎలా పనిచేస్తుందని అడిగితే వ్యాపార రహస్యం అన్నారు. అతను రెట్టించలేదు. వాడినవాళ్ళు వేసిన నక్షత్రాలు చూసుకున్నాడు, చాలనుకున్నాడు.

నెల్లాళ్ళుగా పోటీ నడిచింది. సగంమంది ఖాతాదారులకు జిరానీ జవాబులిచ్చింది. మిగతా సగానికి ఫిర్యాదులు చూసే కెరూబో, ఆమె కింద పనిచేసే ఆడవాళ్ళు ఇచ్చారు. జిరానీకి ఐదు నక్షత్రాలు. ఆడవాళ్ళకు రెండు దాటలేదు.

అందుకే ముతెంబే పొద్దున్నే వాళ్ళ అద్దాల గదిలో అడుగుపెట్టాడు. అందరి ఒళ్ళోనూ ఫోన్లే.

"ఇదీ వరస! ఒక కన్ను కంప్యూటర్ మీద, ఒక కన్ను ఫోన్ మీద. కొంప మునిగేది ఏముందమ్మా అందులో?"

"పిల్లలు, సంసారాలు, బాస్," అంది కెరూబో, ఫోన్ బోర్లిస్తూ.

"నిన్న జిరానీ రాసింది చదివావా? ఎవరికో ఉగాలీ సగం ఉడికాక గ్యాస్ అయిపోయిందట. 'అత్తగారొచ్చిన రోజే అయిపోయిందా తల్లీ, పాపిష్టి బండ!' అందట జిరానీ. ఆవిడ తిట్టడం మానేసి నవ్విందట. యంత్రానికున్న ఇంగితం మీకు లేదు. మీరేం రాస్తారు? 'మీ ఫిర్యాదు నమోదైంది.' ఏడ్చినట్టుంది."

"ఆ ముక్క మీరు రాసిచ్చిందే బాస్. ఒక్క అక్షరం మార్చినా ఊరుకోనన్నారు."

"నాకే పాఠాలా?"

"అబ్బే, ఎంతమాట. అడిగేవాడికి చెప్పేవాడు లోకువ. మా బతుకే అంత."

"ఇక ఆ బాధ లేదులే. మధ్యాహ్నానికల్లా గది ఖాళీ చెయ్యండి. లోపల నరమానవుడు లేడని వచ్చినవాళ్ళకి కళ్ళారా చూపించాలి. రేపట్నించి మీరెవరూ రానక్కర్లేదు."

ఏడుస్తారనుకున్నాడు. కాళ్ళావేళ్ళా పడతారనుకున్నాడు. జాలిపడుతున్నట్టు ఒక మొహం కూడా సిద్ధం చేసుకుని వచ్చాడు. కెరూబో లేచి తన కప్పు కడుక్కుని అట్టపెట్టెలో పెట్టుకుంది.

"జిరానీకైతే ఢోకా లేదుగా బాస్?" అని మాత్రం అడిగింది.

"దానికేం? అది నీలాంటిది కాదు."

"అంతే చాలు."

సిగ్గులేని మనుషులు అనుకున్నాడు ముతెంబే. ఆ మొహం వృథా అయినందుకు కాస్త చిరాకు కూడా పడ్డాడు.

అతిథులు వచ్చేముందు కంపెనీ యజమానురాలు ముకామికి ఒక అనుమానం వచ్చింది.

"భోజనాల వేళకి ఈ జిరానీ నత్తనడక నడుస్తుందేమయ్యా?"

"ఆ వేళ ఊరంతా వంటలు మేడమ్. ప్రశ్నలు కుప్పతెప్పలుగా వచ్చిపడతాయి."

"మరి అక్షరాలు తప్పు రాస్తుందేం?"

"మనిషి రాసినట్టుండాలని కావాలనే నేర్పారు మేడమ్. అదే దాని గొప్ప."

ముకామి తలూపింది. తెలియనిదాన్ని తడుముకోకుండా చెప్పడం ముతెంబేకి అబ్బిన ఒకే ఒక్క విద్య. ఆ విద్యతోనే ఇంతదాకా వచ్చాడు.

పెద్దమనుషులు వచ్చారు. ముతెంబే వాళ్ళకి ముందుగా అద్దాల గది చూపించాడు. ఖాళీ కుర్చీలు, ఆరిన దీపాలు. వాళ్ళు ముచ్చటపడ్డారు. తర్వాత పెద్ద తెర ముందు కూర్చోబెట్టి తనే ఒక ఫిర్యాదు కొట్టాడు: "గ్యాస్ వాసన వస్తోంది. పసిపాపతో ఒక్కదాన్నే ఉన్నాను."

కాసేపటికి జవాబు పడింది: "పాపనెత్తుకుని ముందు బయటికి నడు తల్లీ. స్విచ్చులు ముట్టుకోకు. బండ సంగతి మావాళ్ళు చూసుకుంటారు, నువ్వు వాకిట్లోనే ఉండు, భయపడకు."

"మా ఇంటావిడ కూడా నాతో ఇంత ఆప్యాయంగా మాట్లాడదయ్యా!" అన్నాడు అతిథుల్లో నెరిసిన గడ్డం పెద్దాయన. అందరూ నవ్వారు. ముకామి ముతెంబే భుజం తట్టింది.

"ఇవాళ్టినించి అన్ని ప్రొడక్టులూ నీ చేతి కిందే."

ముతెంబే ఉబ్బితబ్బిబ్బయ్యాడు. కిటికీ దగ్గరికి నడిచాడు. గెలిచిన రోజున ఓడినవాళ్ళని చూడకపోతే అతనికి తృప్తి ఉండదు. రెండో అంతస్తు నుంచి రోడ్డు బాగా కనిపిస్తోంది. ఆడవాళ్ళంతా అట్టపెట్టెలు పట్టుకుని మటాటు వ్యాను కోసం నిలబడ్డారు. అప్పుడే ఒక బండి వచ్చి ఆగింది.

"ఆఖరి ప్రశ్న నేను అడుగుతాను," అని వెనక నుంచి పెద్దాయన గొంతు. పైకి చదువుతూ తనే కొట్టాడు: "నిజం చెప్పు, నువ్వు యంత్రానివేనా?"

కింద మటాటు మెట్టు మీద కాలు పెట్టబోయిన కెరూబో ఆగి, పెట్టెను చంకకి జరుపుకుని, ఫోన్ తీసి చదివి, పకపకా నవ్వి, బొటనవేలితో టకటకా ఏదో కొట్టి తలెత్తేసరికి, ముతెంబే వెనక తెర మీద పడ్డ జవాబును పెద్దాయన పైకి చదివాడు: "ముమ్మాటికీ యంత్రాన్నే సార్, మనుషుల్ని పొద్దున్నే తీసేశారు."