ఆంప్ రిపేరు

“ప్రీయాంప్ మార్సినాను, స్పీకరూ మార్సినాను. ఇంకేటి సెయ్యమంటావు బావా?” ఆంప్లిఫయర్ మూత బిగిస్తూ అడిగాడు మెకానిక్ అబ్బులు.

“ట్రెబుల్ రాట్లేదురా. సన్న సౌండంతా దుప్పటి కప్పినట్టుంది,” అన్నాడు సన్యాసిరాజు.

అతను పగలు ఇనుప కడ్డీల రోలింగ్ మిల్లులో, ఆ మోత మధ్య పనిచేస్తాడు. సెలవు రోజుల్లో ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయించేవాడు. అతని గిటార్ సౌండు చెవులు కోసేస్తోందని ఆర్కెస్ట్రావాళ్ళు ఈమధ్య పిలవడం మానేశారు. ఆంప్ బాగైతే మళ్ళీ పిలుస్తారని అతని ఆశ.

సన్యాసిరాజు ట్రెబుల్ నాబ్‌ని చివరిదాకా తిప్పి తీగ మీటాడు. అబ్బులు గబుక్కున రెండు చెవులూ మూసుకున్నాడు.

సన్యాసిరాజు చెయ్యి ఆగిపోయింది.

“నీకంత గట్టిగా ఇనబడతందా?”

అబ్బులు తలదించుకున్నాడు. “ఆంప్‌కేటీ అవ్వలేదు బావా.”

“అయితే నా సెవులకేనా?”

అబ్బులు స్క్రూడ్రైవర్ పక్కన పెట్టేశాడు.

సన్యాసిరాజు గిటార్ బెల్టు సర్దుకున్నాడు. “నాబ్ నువ్వు తిప్పు. నీ సెవికి బాగున్నకాడ ఆపు.”

అబ్బులు నాబ్‌ని సగానికి తగ్గించాడు. సన్యాసిరాజు ఒక పాట వాయించడం మొదలుపెట్టాడు.

“ఇప్పుడు బాగుందా?”

“శానా బాగుంది బావా.”

సన్యాసిరాజుకు మాత్రం గోడవతల ఎవరో వాయిస్తున్నట్టే ఉంది. అయినా అబ్బులు ముఖాన్నే చూస్తూ ఆ పాట చివరిదాకా వాయించాడు.