ఎర్రతోక

హంతకులకు ఉరి తప్ప మరో శిక్ష ఉండకూడదని మా వారు పేపరుకు ఉత్తరం రాస్తున్నారు. జాలి చూపేవాళ్ళంతా హంతకుడికి చుట్టాలేనట.

ఎలుకల బోను తెచ్చి ఆ ఉత్తరం మీదే పెట్టాను. నా చిలకను కొరికి చంపిన ఎలుక అందులో ఉంది.

"మొన్న దీన్నేం చేశారు?"

"బకెట్లో ముంచి చంపాను."

"మరి నిన్న?"

"నిన్నటిదాన్నీ అంతే. ఇది మూడోది." రంగేసిన మీసం నిమురుకున్నారు.

"మొదటిరోజే దాని తోకకు నా గోళ్ళరంగు పూశానండీ. చూడండి."

ఆయన కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకున్నారు. బోను ఊచల్లోంచి ఎర్రటి తోక బయటికి వేలాడుతోంది.

"కడుపుతో ఉందే, పాపం," అని గొణిగారు.

"ఆ ముక్క కూడా ఉత్తరంలో రాయండి! చచ్చింది నా చిలక. ఇటివ్వండి, నేనే చంపుతాను."

బోను లాక్కుని పెరట్లోకి వెళ్ళాను. రెండు నిమిషాల్లో ఖాళీ బోనుతో తిరిగొచ్చి, "పీడ విరగడైంది," అన్నాను. ఆయన ఉత్తరం కవర్లో పెట్టి అంటించారు.

మర్నాడు పొద్దున నేను కాఫీ తాగుతుంటే, ఆయనే బోను తెచ్చి నా కప్పు పక్కన పెట్టారు. ఊచల్లోంచి ఎర్రటి తోక వేలాడుతోంది.

"నీకేమవుతుందే ఇది? చుట్టమా?" అన్నారు.

"ఇది వేరేదండీ," అన్నాను. "రంగేసుకోవడం మీకొక్కరికే తెలుసా ఏం?"