లూసీ నేర్చుకున్న మూడు ముక్కలు

“మా ఆయన పడిపోయాడు. గుండె. త్వరగా రండి.”

ఇంతే. ఈ మూడు ముక్కల కోసం లూసీ చలి తగ్గినప్పటి నుంచీ ఆన్ ఇంటి చుట్టూ తిరుగుతోంది. నాలుక తిరిగితేనా.

“‘పడిపోయాడు’ దగ్గర సగం మింగేస్తున్నారు లూసీ గారూ. మళ్ళీ అనండి,” అంది ఆన్, టీలో పాలు పోస్తూ.

ఆ పాలు పోసిన టీ లూసీకి గొంతు దిగదు. అయినా తాగింది. ఆ పల్లెలో రెండు భాషలూ వచ్చిన మనిషి ఆన్ ఒక్కతే. శనివారం ఆవిడా ఇల్లు ఖాళీ చేసి కూతురి దగ్గరికి వెళ్ళిపోతోంది. ఆ తర్వాత లూసీ మాటను ఇరుగుపొరుగుకి చేరవేసే నాథుడే ఉండడు.

ఫ్రాన్సులో పల్లెటూరి కాపురం బొమ్మల్లో చూసి మురిసిపోయినంత తేలిక కాదు. రాతి గోడలూ, నీలం కిటికీ తలుపులూ, గోడకి పాకిన గులాబీలూ అన్నీ బాగానే ఉంటాయి. డాక్టరు మాత్రం పక్క ఊళ్ళో కూడా ఉండడు. అంబులెన్సు కొండ చుట్టి వచ్చేసరికి ముప్పావు గంట. అందాకా ఇరుగుపొరుగే దిక్కు. వాళ్ళతో మాటే కలవకపోతే ఇక చెప్పేదేముంది?

మొన్న చలికాలంలో ఆ ముచ్చటా తీరింది. లూసీ మొగుడు లియోన్ కట్టెలు కొడుతూ పెరట్లో కూలబడ్డాడు. లూసీ ఎదురింటికి పరిగెత్తింది. ఎదురింటాయన తలుపు తీశాడు. ముందు ఆమె నవ్వి పలకరించింది. అంత గాభరాలోనూ. ఒకరి గుమ్మం తొక్కి పలకరించకుండా నోరు తెరవడం ఆమె పుట్టి ఎరగదు.

ఆయనకి అర్థమైంది ఆ పలకరింపు ఒక్కటే. అంతకన్నా పెద్దగా నవ్వి తనూ పలకరించాడు. ఆ తర్వాత ఆమె తన భాషలో ఎంత మొత్తుకున్నా తలూపుతూ విన్నాడు. లోపలికెళ్ళి ఖాళీ గుడ్ల అట్ట తెచ్చి చేతిలో పెట్టాడు. వారం వారం ఆయనకి గుడ్లు తెచ్చిచ్చేది ఆమే మరి.

రొట్టెల బండి అతను అప్పుడే వచ్చి, ఆస్పత్రికి తీసుకెళ్ళబట్టి లియోన్ బతికాడు. “ఈసారి గుండె ఆగితే వెంటనే ఛాతీ మీద నొక్కేవాళ్ళు ఉండాలి,” అన్నాడు అక్కడి డాక్టరు. లూసీ తన చేతులు చూసుకుంది. కీళ్ళ జబ్బుతో వేళ్ళన్నీ వంకర్లు పోయాయి. ఈ చేతులతో ఏం నొక్కుతుంది?

ఆన్ ఇంటి నుంచి వచ్చేసరికి లియోన్ గుమ్మంలోనే ఉన్నాడు.

“ఏమే, బడి వదిలారా? పలక ఏదీ?”

“నీ ప్రాణం కోసమేనయ్యా ఈ పాట్లు. నువ్వూ ఒక ముక్క నేర్చుకోరాదూ?”

“ఈ వయసులో నాకెందుకు వాళ్ళ భాష? కావాలంటే వాళ్ళే మనది నేర్చుకుంటారు.”

“నేర్చుకుంటారు, నువ్వు పోయాక.”

ఈ పొగరుతోనే ఇన్నేళ్ళూ నెట్టుకొచ్చారు ఇద్దరూ. ఇప్పుడు దాన్ని చూస్తే లూసీకి కోపం కన్నా భయమే ఎక్కువ.

శనివారం కారెక్కుతూ ఆన్ ఆమె చెయ్యి పట్టుకుంది.

“ఒక్కటే గుర్తుపెట్టుకోండి. ముందు పలకరించకండి. నవ్వకండి. తిన్నగా ఆ మాటే అనేయండి.”

“పలకరించకుండానా తల్లీ? ఏమనుకుంటారు?”

“అనుకోనివ్వండి.”

మర్నాడు మధ్యాహ్నం లియోన్ టమాటా మొక్కల మధ్య బోర్లా పడిపోయాడు. పిలిస్తే పలకలేదు. లూసీ అంబులెన్సుకి ఫోను చేసింది. బయల్దేరుతున్నాం, ఈలోగా ఎవరినైనా పిలవమన్నారు. చెప్పులు కూడా లేకుండా వీధి దాటింది.

ఎదురింటి పెరట్లో నిప్పుల మీద మాంసం కాలుతోంది. ఊరు ఊరంతా అక్కడే ఉంది. గేటు దగ్గర ఆమెను చూసి ఎదురింటాయన నవ్వాడు, పలకరించాడు. లూసీ పెదవుల మీదికీ పలకరింపు వచ్చేసింది. మింగేసింది. నవ్వలేదు.

“మా ఆయన...”

తర్వాతి ముక్క రాలేదు. ఆన్ వంటగదిలో వందసార్లు అన్న ముక్క. ఎదురింటాయన అప్పటికే లోపలికి తిరగబోతున్నాడు, అట్ట కోసం కాబోలు. లూసీకి ఏడుపు ముంచుకొచ్చింది. ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

“మా ఆయన పడిపోయాడు. గుండె. త్వరగా రండి.”

పళ్ళేలు గడ్డిలో పడ్డాయి. అందరూ ఒక్క పరుగున వచ్చారు. ఎదురింటాయన మోకాళ్ళ మీద కూర్చుని నొక్కడం మొదలుపెట్టాడు. ఆయన అలిసిపోతే ఆయన భార్య అందుకుంది. ఎవరో ఊరి హాలు గోడకుండే, గుండెకి షాకిచ్చే యంత్రం పీక్కొచ్చారు. వాళ్ళలో వాళ్ళు ఏవేవో అరుచుకుంటున్నారు. అందులో ఒక్క ముక్క లూసీకి అర్థం కాలేదు. బతికాడంటున్నారో, పోయాడంటున్నారో. లియోన్ కాలి నుంచి ఊడిన చెప్పు పట్టుకుని అందరి వెనకా చతికిలబడింది.

చాలాసేపటికి లియోన్ గొంతులో గురకలాంటి చప్పుడు. తర్వాత ఊపిరి.

ఎదురింటావిడ వచ్చి ఆమెను దగ్గరికి తీసుకుని ఏదో అంది. లూసీ ఊరికే తలూపింది.

అంబులెన్సు వచ్చింది. అందులోంచి దిగినతను, ఈయన ఏ మందులు వాడతాడని ఎదురింటాయనను అడిగాడు. ఆయన చెమట తుడుచుకుంటూ అడ్డంగా తలూపాడు.

“ఇక్కడ ఫ్రెంచి వచ్చినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?” అని అతను, ఇళ్ళన్నీ కొనుక్కుని ఊరంతా నిండిపోయిన ఆ ఇంగ్లీషువాళ్ళ గుంపును చూస్తూ విసుగ్గా అడిగితే, తను పుట్టి పెరిగిన ఆ ఇంటి పెరట్లో, లియోన్ చెప్పు పట్టుకున్న చెయ్యే పైకెత్తింది లూసీ.