సొంత దస్తూరీ

"దీనికి అర్థం ఏంటి మాస్టారూ?" శిష్యుడు చీటీ బల్లమీద పెట్టాడు.

జైలు గ్రంథాలయంలో మధ్యాహ్నం మూడయింది. చీటీ మీద ఒకే ఒక్క ఇంగ్లీషు మాట. శిష్యుడికి ఇంగ్లీషు రాదు. ఏదో కాగితంలోంచి గీతకి గీత చూసి దించుకొచ్చాడు.

మాస్టారు కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఎగ్జిక్యూషన్. పుట్టుక లాటిన్‌లో. అసలర్థం చివరిదాకా వెంట నడవడం. శవం వెంట నడిచే ఊరేగింపుకీ ఇదే మూలం."

"మరి చంపడం?"

"అది తర్వాత వచ్చి చేరింది. మొదట్లో ఆజ్ఞని చివరిదాకా నెరవేర్చడం అనేవాళ్ళు. ఆ ఆజ్ఞ ఎవడి ప్రాణం మీదికో వచ్చినప్పుడు ఇదిగో, ఇలా అయింది."

శిష్యుడి మొహం వాడిపోయింది.

వారం నుంచీ ఇదే వరస. రోజుకో చీటీ. ఇంగ్లీషు కావాలంటే మాస్టారే దిక్కని మొదటి రోజు గార్డే తీసుకొచ్చి కూర్చోబెట్టాడు. పదకొండేళ్ళుగా మాస్టారికి ఆ గ్రంథాలయమే లోకం. మాటల పుట్టుక అడిగితే చాలు, ఆయనకి తిండి ధ్యాస కూడా ఉండదు. నిన్న 'కేపిటల్' అడిగితే, "లాటిన్‌లో తల అని! రాజధానీ తలే, పెట్టుబడీ తలే, ఈ మరణశిక్షా తలే. ఒక్క తలతో ఎన్ని పన్లు చేయించుకున్నారో చూడు!" అని పకపకా నవ్వారు. శిష్యుడు నవ్వలేదు. నవ్వే స్థితిలో ఉంటేగా!

రేపు శుక్రవారం. తెల్లవారుజామున ఉరి.

ఈలోగా జైలు ఆఫీసువాళ్ళిచ్చిన ఆ కాగితం శిష్యుడు నింపి ఇవ్వాలి. సొంత దస్తూరీతో, అదీ ఇంగ్లీషులోనే. వేలిముద్ర చెల్లదు. ఇంకొకరి రాత అసలే చెల్లదు. ఈ నిబంధన ఏ పుణ్యాత్ముడు పెట్టాడోగానీ, మార్చే తీరిక ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. పని పూర్తయ్యేదాకా శిష్యుణ్ణి గేటు దాటనివ్వరు. ఈ పాఠానికి మాత్రం గార్డు వెంట వచ్చి దింపిపోతాడు.

"మీ అమ్మకి తెలుసా?" మాస్టారు అడిగారు.

"చెప్పలేదండీ. దూరంగా ఎక్కడో పనిలో ఉన్నాననుకుంటోంది. ఇక ఆవిడ మొహం ఎలా చూడను?"

"ఇందులో నీ తప్పేముందిరా?"

"తప్పంతా నాదే. ఒప్పుకున్నానుగా! ఒప్పుకునేటప్పుడు ఇంతదాకా వస్తుందనుకోలేదు మాస్టారూ. కళ్ళు మూసుకుంటే చాలు, ఆ తాడే కనిపిస్తోంది."

"కాగితానికి గడువెప్పటిదాకా?"

"నాలుగింటిదాకా."

"డెడ్‌లైన్! దాని పుట్టుక తెలుసా? వెనకటికి ఒక యుద్ధంలో ఖైదీల శిబిరం లోపల ఒక గీత గీశారు. అది దాటినవాణ్ణి అక్కడికక్కడే కాల్చేసేవాళ్ళు. ఆ గీతే రానురానూ..."

మాస్టారు ఆగిపోయారు. శిష్యుడు ఏడుస్తున్నాడు.

"సరే, ఇంక చీటీలు చాలు. కాగితం తియ్యి."

శిష్యుడు చొక్కా జేబుని రెండు చేతులతో అదిమిపట్టుకున్నాడు. వారంగా ఎంత అడిగినా అతను బయటికి తియ్యనిది అదే.

"వద్దు మాస్టారూ. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"టైము కావస్తోంది నాన్నా. ఇలా ఇవ్వు."

మాస్టారు మడతలు విప్పారు. మొదటినుంచి చివరిదాకా చదివారు. మళ్ళీ చదివారు. శిష్యుడు ఆయన కళ్ళలోకి చూడలేక నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు.

"మీరెవరో మూడో రోజుకి గానీ తెలియలేదు నాకు," వెక్కుతూ అన్నాడు. "తెలిశాకైనా రావడం మానెయ్యాల్సింది. మానలేకపోయాను. ఏం తెలియనట్టే రోజూ మీ ఎదురుగా కూర్చున్నాను. నాలాంటి పాపిష్టివాడు ఉండడు మాస్టారూ."

"నీ రెండో చీటీ చూసినప్పుడే నాకు అర్థమైందిలేరా. ఏడవకు."

మాస్టారు కుర్చీ దగ్గరికి లాగి అతన్ని కూర్చోబెట్టారు. కలం వేళ్ళ మధ్య పెట్టారు.

"ఉన్నవి రెండే ఖాళీలు. అక్షరాలు నేను చెబుతాగా. కొట్టివేతలు లేకుండా నిదానంగా రాద్దాం."

అతని మణికట్టుకి తన చెయ్యి ఆసరాగా పెట్టి, ఉరి తీసేవాడి పేరు ఉండాల్సిన చోట శిష్యుడి పేరూ, ఉరికంబం ఎక్కే ఖైదీ పేరు ఉండాల్సిన చోట తన పేరూ మాస్టారు అక్షరం అక్షరం చెప్పి రాయించారు.