ఫారంలో ఉన్న లిఫ్టు

మా యూనివర్సిటీ పెద్దలకు, ముఖ్యంగా పరీక్షల విభాగం మెట్లకు నా సాష్టాంగ క్షమాపణలు. సాష్టాంగమంటే మాట వరసకే, నా కాళ్లు అందుకు ఒప్పుకోవు.

ఉద్యోగంలో చేరి పన్నెండు రోజులైంది. నా సీటు రెండో అంతస్తులో ఉన్నది. పొద్దున అటెండర్ గట్టయ్య నన్ను వీపు మీద మోసుకొచ్చి కూర్చోబెడతడు, సాయంత్రం అయిదింటికి దించుతడు. నాకు పనికొచ్చే బాత్రూం కింద ఉన్నది కాబట్టి మధ్యలో చాయ్ లేదు, నీళ్లు లేవు. రుషులకు కూడా ఇంత నిష్ఠ ఉండదు.

నిన్న మా సూపరింటెండెంటు నవనీత మేడం ఒక ఫారం తెచ్చింది. "తమ్మీ, రేపు దివ్యాంగుల సౌకర్యాల మీద తనిఖీ ఉన్నది. నువ్వు సంతకం పెడితే ఇంకెవ్వరూ ఏం అడగరు."

"మేడం, ఇందుల లిఫ్టు ఉన్నదని రాసిన్రు. ఏడున్నది?"

"వస్తది లే. నీ ప్రొబేషన్ ఇంకా రెండేండ్లున్నది, యాదున్నదా?" అని ప్రేమగా పెన్ను మూత తీసి ఇచ్చింది.

కోపంతో విసవిసా వెళ్లిపోదామనుకున్న. నన్ను మోసే గట్టయ్యేమో జిరాక్సుల కోసం తార్నాక పోయిండు.

అయిదింటికి వచ్చి వీపు వంచిండు. మెట్టు మెట్టుకూ ఆయన మోకాళ్లు కటకటమన్నయి.

"ఇంకో మూడేండ్లల్ల రిటైరైత సార్. అప్పటికన్న లిఫ్టొస్తదంటరా?"

"వస్తది కాకా" అన్న, ఆయన మెడ గట్టిగ పట్టుకొని.

సంతకం అప్పటికే పెట్టేసిన.